కమాను కంటే ముందు అయస్కాంతం

పూర్వ విద్యార్థుల సంఘం మొన్నటి సమావేశంలో, ఈ ఏడాది వార్షికోత్సవానికి పోగైన చందాలతో ఏం చేద్దామన్న చర్చ వచ్చింది. హాస్టల్ గేటు ముందు సిమెంటు కమాను కట్టిద్దామని ఎక్కువమంది అన్నారు. రోడ్డు మీద పోయే బస్సులోంచి చూసినా మన హాస్టల్ పేరు కనబడాలని వాళ్ల కోరిక. అది చిన్న కోరికేమీ కాదు. ఒకప్పుడు బస్సు దిగి ఈ గేటులోకి నడిచేటప్పుడు క్లాసు పిల్లలెవరైనా చూస్తున్నారేమోనని తల వంచుకున్నవాళ్లం మనం. ఇవాళ అదే పేరును పెద్దక్షరాల్లో రాయిద్దామంటున్నామంటే దాని విలువ నాకూ తెలుసు. అయినా ఆ రోజు చెయ్యెత్తనివాళ్లలో నేనొకణ్ని. కారణం చెప్పబోతే అప్పటికే భోజనాల బెల్లు కొట్టారు. సంచిక కమిటీ తమ్ముళ్లు "అన్నా, అదే రాసివ్వు" అన్నారు. రాస్తున్నాను.

నాది అచ్చంపేట దిక్కు. మా ఊరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంటే, హాస్టల్ డిండి వాగుకు ఇవతల నల్లగొండ జిల్లాలో ఉండేది. 1999లో ట్రంకు పెట్టెతో వచ్చి ఆరో తరగతిలో చేరాను, 2004లో పదో తరగతి పాసై వెళ్లాను. ఆ తర్వాత పారామెడికల్ డిప్లొమా చేసి హైదరాబాదులో కొన్నేళ్లు క్యాథ్‌ల్యాబ్‌లో పనిచేశాను. ఇప్పుడు ఎమ్మారై టెక్నీషియన్‌ని. నేను పనిచేసిన ఆ రెండు గదుల మధ్య ఒక్క కారిడార్ దూరం. ఆ రెండు గదుల్నీ ఒకటి చేయాలని కొందరు శాస్త్రవేత్తలు 20 ఏళ్లకు పైగా తంటాలు పడుతున్నారు. వాళ్ల పనికీ మన కమానుకీ ఏం సంబంధమని నవ్వకండి. నేను చెయ్యెత్తకపోవటానికి కారణం అదే.

మొదట క్యాథ్‌ల్యాబ్ సంగతి. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం దూర్చి గుండె దాకా పంపిస్తారు. ఆ గొట్టాన్ని క్యాథెటర్ అంటారు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టరు, పై డాక్టరు వద్దంటున్నా వినకుండా, మూత్రనాళానికి వాడే గొట్టాన్ని తన చేతి నరంలోంచి తన గుండెలోకే పంపుకొన్నాడు. 65 సెంటీమీటర్లు లోపలికి పోయాక, ఆ గొట్టంతోనే నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. 1956లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. గమనించండి, లోపలున్న గొట్టం ఎక్కడుందో చూసుకోవటానికి ఆయనకు దొరికిన కన్ను ఎక్స్‌రే. ఇవాళ్టికీ క్యాథ్‌ల్యాబ్ కన్ను అదే.

ఆ కంటికి రెండు లోపాలున్నాయి. గొట్టం, తీగ నల్లగా కనిపిస్తాయి గాని గుండె కండ సరిగా కనిపించదు. రంగుమందు ఎక్కించినప్పుడు మాత్రం ఒక్క క్షణం రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా మెరిసి మాయమవుతాయి. రెండోది కిరణాల సంగతి. మేము సీసపు ఏప్రాన్లు తొడుక్కుని, ఎంత కిరణం సోకిందో లెక్కగట్టే బ్యాడ్జీ ఛాతీకి తగిలించుకుని నిలబడేవాళ్లం. బల్ల మీద పడుకున్నవాడికి ఏప్రాన్ లేదు, వాడి గుండెనే కదా చూడాల్సింది. పెద్దవాళ్లకు ఒకటి రెండుసార్లయితే డాక్టర్లు లాభనష్టాలు బేరీజు వేసుకుని చేస్తారు, అందులో తప్పులేదు. పిల్లల సంగతి వేరు. పెరిగే శరీరం మీద కిరణాల ప్రభావం ఎక్కువ. పుట్టుకతోనే గుండె జబ్బున్న పిల్లలు కొందరు ఆ బల్ల మీదికి మళ్లీ మళ్లీ రావాల్సి ఉంటుంది.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. గుండెలో రంధ్రమున్న పిల్లల్ని తెల్లకార్డుతో పట్టుకొచ్చే తల్లిదండ్రుల్ని నేను చూస్తూ వచ్చాను. "యాడికెళ్లి వచ్చిండ్రు?" అని అడిగితే కల్వకుర్తి అనో, కొల్లాపూర్ అనో జవాబొచ్చేది. ఆ మాట వినగానే నా చేతులు ఇంకొంచెం జాగ్రత్తగా కదిలేవని ఒప్పుకుంటాను.

కిరణాలు లేని కన్ను పక్క గదిలోనే ఉంది. ఎమ్మారైలో ఎక్స్‌రే ఉండదు. గుండె కండ, గోడలు, కవాటాలు, రక్తం పారే తీరు అన్నీ కనిపిస్తాయి. మరి ఆ గదిలోనే గొట్టం ఎక్కించొచ్చు కదా? 2003లో లండన్ వైద్యులు పుట్టుకతో గుండె జబ్బున్న కొందరు పిల్లలకూ పెద్దలకూ ఎమ్మారై సాయంతో క్యాథెటర్ పరీక్ష చేసి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు కూడా. కానీ అది అన్నిచోట్లా రోజువారీ పనిగా మారకపోవటానికి కారణం ఆ గదిలోని అయస్కాంతం.

మామూలు ఎమ్మారై అయస్కాంతం బలం 1.5 టెస్లా. మన దగ్గర భూమి అయస్కాంత శక్తితో పోలిస్తే సుమారు 35 వేల రెట్లు. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండే తీగచుట్టలో కరెంటు నిరంతరం తిరుగుతూ ఉంటుంది కాబట్టి రాత్రి లైట్లు ఆర్పి ఇంటికి పోయినా ఆ అయస్కాంతం మాత్రం ఆగదు. కొత్తలో ఒకరోజు నేను మర్చిపోయి నడుముకు తాళాలగుత్తితో లోపలికి వెళ్లాను. గుత్తికున్న ఇనుప రింగు లేచి, పామును చూసిన లేగదూడలా నన్నే లాక్కుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఎమ్మారై గదిలోకి పోయిన రోగి బంధువు మాత్రం ప్రాణమే పోగొట్టుకున్నాడు. మామూలు క్యాథెటర్లలో, వాటిని నడిపే తీగల్లో ఉక్కు ఉంటుంది. ఉక్కు లేకుండా చేస్తే మెత్తబడి, చెప్పినట్టు తిరగదు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ఆలోచన వస్తుంది. అడ్డుపడుతున్న ఆ అయస్కాంతం చేతనే గొట్టాన్ని తిప్పిస్తే? క్యాథెటర్ కొసన వెంట్రుకంత సన్నని రాగి తీగతో చిన్న చుట్టలు చుట్టి, వాటిలోకి కొద్దిపాటి కరెంటు పంపితే ఆ కొస తానే ఒక బుల్లి అయస్కాంతమవుతుంది. చుట్టూ ఉన్న పెద్ద అయస్కాంతం దాన్ని తన దిక్కుకు తిప్పాలని చూస్తుంది, కొస వంగుతుంది. కరెంటు పెంచితే ఎక్కువ వంగుతుంది, తిరగేస్తే అటువైపు వంగుతుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2002లో దీన్ని ప్రకటించారు. బయట రెండు పెద్ద అయస్కాంతాలు పెట్టి, వాటిని తిప్పుతూ గొట్టాన్ని నడిపే పద్ధతి స్టీరియోటాక్సిస్ అనే సంస్థ తయారుచేసింది గాని, అక్కడ చూసే కన్ను మళ్లీ ఎక్స్‌రేనే.

ఒక డాక్టరు గారు ఈ వీడియో చూపించినప్పుడు నాకు అర్థం కాలేదని చెప్పటానికి సిగ్గుపడి తలూపాను. ఆ ఆదివారం దేవరకొండ పోయినప్పుడు, మన హాస్టల్‌లో నా పక్క పెట్టెవాడు, ఇప్పుడు బోరు మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నవాడు కలిస్తే వాడికి చెప్పాను. వాడు చేతిలో ఉన్న తీగ చుట్టటం ఆపకుండానే "మోటరు తిరుగుడంటే గదే గదరా! మస్తుగ తిరగనియ్యకుండ ఒక పక్కకు పట్టుకుంటే వంగదా మరి?" అన్నాడు. పదో తరగతిలో ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధనకు నాకు పూర్తి మార్కులొచ్చాయి. వాడు ఆ పరీక్ష తప్పాడు.

తిప్పటం ఒక ఎత్తయితే, తిప్పిన కొస ఎక్కడుందో కనిపెట్టటం ఇంకో ఎత్తు. కొట్టుకునే గుండెలో, ఊపిరితో లేచి పడే ఛాతీలో మిల్లీమీటర్ల లెక్కన దాని జాడ తెలియాలి. ఇది ఎలా చేస్తారో చెప్పటానికి హార్మోనియం కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. మన ఊళ్లలో చిందు భాగవతం ఆడించినప్పుడు హార్మోనియం పెట్టె పక్కన కూర్చున్నవాళ్లకు తెలుసు, ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ స్వరం హెచ్చుతుంది. కళ్లు మూసుకుని విన్నా, వేలు ఏ మెట్టు మీదుందో స్వరాన్ని బట్టి చెప్పొచ్చు.

ఎమ్మారై అచ్చంగా అలాంటి పెట్టె. మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు 1.5 టెస్లా అయస్కాంతంలో సెకనుకు దాదాపు 6.4 కోట్ల సార్లు ఊగుతాయి. ఎఫ్ఎం రేడియో స్టేషన్లకు కొంచెం కింది స్థాయి అది. అయస్కాంతం బలం కాస్త పెరిగితే ఆ స్వరం హెచ్చుతుంది, తగ్గితే దిగుతుంది. యంత్రంలోని అదనపు చుట్టలు తల వైపు కొంచెం ఎక్కువ, కాళ్ల వైపు కొంచెం తక్కువ బలం ఉండేలా వాలు కల్పిస్తాయి. అప్పుడు శరీరంలో ఒక్కో చోటుకు ఒక్కో స్వరం. ఇక క్యాథెటర్ కొసన వినే చెవిలాంటి ఇంకో బుల్లి చుట్ట పెడతారు. అది తన చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉన్న నీటిని మాత్రమే వింటుంది కాబట్టి దానికి ఒకే స్వరం వినబడుతుంది. ఆ స్వరమే దాని చిరునామా. నిలువు, అడ్డం, లోతు అని మూడు దిక్కుల్లో వాలు మార్చి మూడుసార్లు వింటే మూడు అంకెలొస్తాయి, కొస ఎక్కడుందో తేలిపోతుంది. అమెరికాలో డుమూలిన్, ఆయన సహచరులు 1993లో దీన్ని చేసి చూపారు. ఫొటో అంతా తీయనక్కర్లేదు గనక ఇది సెకనులో ఎన్నోసార్లు చేయొచ్చు.

ఇప్పుడు ఈ రెండిటినీ కలపండి. కొసను వంచటానికి కరెంటు ఇచ్చాం, కొస బుల్లి అయస్కాంతమైంది. అయ్యాక ఏమవుతుంది? దాని చుట్టుపక్కల బలం మారిపోతుంది, అక్కడి మెట్లన్నీ అపశ్రుతి పలుకుతాయి. చెవికి తప్పు స్వరం వినిపిస్తుంది. ఫొటో తీస్తే కొస ఉన్నచోట నల్లటి గుంట పడుతుంది. నడిపితే కనబడదు, చూస్తే నడవదు. నా లెక్కన ఈ మొత్తం కథలో అసలు చిక్కుముడి ఇది. కరెంటు రెప్పపాటు ఆపి, జాడ విని, మళ్లీ ఇవ్వటం ఒక దారి. ఆ నల్లటి గుంటనే గుర్తుగా వాడుకోవటం ఇంకో దారి. దేని ఇబ్బంది దానికుంది.

ఇంకో రెండు చిక్కులూ చెప్పాలి. ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డ దిక్సూచి ముల్లును అయస్కాంతం ఇంకేమీ తిప్పలేదు. అలాగే కొసలోని చుట్ట పెద్ద అయస్కాంతం దిక్కుకే తిరిగి ఉంటే ఎంత కరెంటిచ్చినా వంగదు. అందుకే వేర్వేరు దిక్కుల్లో రెండు మూడు చుట్టలు చుడతారు. ఇక పొడవైన తీగ దేనికైనా ఏంటెనా అయ్యే గుణముంది. దూరదర్శన్ సరిగా రాకపోతే హాస్టల్ డాబా మీద అల్యూమినియం ఏంటెనా పట్టుకుని "ఇప్పుడొచ్చిందా?" అని అరిచిన రోజులు మా బ్యాచికి గుర్తే. ఎమ్మారై పంపే రేడియో తరంగాన్ని క్యాథెటర్ తీగ అలాగే పట్టుకుంటే కొస వేడెక్కుతుంది. శరీరంలో ఆ తరంగం పొడవు అర మీటరు అటూఇటూ, గుండె దాకా పోయే తీగ అంతకంటే పొడుగే. లోపల కాలితే చూసేవాళ్లెవరు? అందుకే తీగను ముక్కలుగా విడగొట్టి కలిపే పద్ధతులూ, తీగకు బదులు కాంతిని పంపే గాజు నూలూ వాడి చూస్తున్నారు. అయస్కాంతంతో నడిపి, ఎమ్మారైతో జాడ పట్టే ఈ పని ఇప్పటికీ ఎక్కువగా ప్రయోగశాలల్లో, బొమ్మ రక్తనాళాల్లో, జంతువుల మీద జరుగుతున్నదే. రేపే మన పిల్లలకు అందుతుందని నేను చెప్పను.

మరి మనకెందుకు ఈ గొడవ? సంఘంలో ఒకన్న నన్ను ఇదే అడిగాడు. జ్వరమొస్తే డాక్టరు కోసం మండల కేంద్రానికి పోయేవాళ్లకు అమెరికా గొట్టం ముచ్చట్లెందుకన్నాడు. ఆయన కోపంలో న్యాయముంది. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో వచ్చింది, నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో వచ్చాయి. మన పిల్లలు వాటిల్లో చేరుతున్నారు, సంతోషం. అయితే యంత్రాల దగ్గర మనం ఎక్కడ నిలబడుతున్నామో కూడా చూడాలి కదా. బటన్ నొక్కే చోట ఉన్నాం. నేనూ అక్కడే ఉన్నాను, అదేమీ తక్కువ పని కాదు. కానీ యంత్రం ఇలా కాకుండా అలా ఉంటే బాగుండునని చెప్పే చోట మనం లేం.

అది ఎందుకు ముఖ్యమో ఒక్క సంగతి చెబుతాను. ఒకసారి మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దాయన వెన్నుపూస స్కానింగుకు వచ్చాడు. ఫ్లోరోసిస్‌తో నడుం వంగి బిగుసుకుపోయింది. వెల్లకిలా పడుకోమంటే తల బల్లకు ఆనదు. మా యంత్రం సొరంగం 60 సెంటీమీటర్లు. ఎన్ని దిండ్లు పెట్టినా ఆయన అందులో పట్టలేదు. "మీ మిషినుకు నిటారు మనుషులే కావాల్నా సార్?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ సొరంగం కొలత వేసినవాళ్లు మన మనుషుల్ని చూసి ఉండరు. నీటిలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ పేరే పెట్టింది. ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది, జబ్బు పుణ్యమా అని. హైదరాబాదులో 1990వ దశకంలో కలాం గారు, గుండె డాక్టరు సోమరాజు గారు కలిసి తక్కువ ధరకు స్టెంట్ తయారుచేసి దానికి కలాం–రాజు స్టెంట్ అని పేరు పెట్టారు. ఇక్కడి రోగి జేబు చూసినవాళ్లు చేశారు కాబట్టి ఆ పని జరిగింది. 2023లో బెంగళూరువాళ్లు 1.5 టెస్లా ఎమ్మారై యంత్రాన్ని మన దేశంలోనే తయారుచేసి చూపారు. అంటే ఇకమీదట ఈ పనులు పై దేశాల్లోనే జరగాలన్న రూలు లేదు.

మళ్లీ కమాను దగ్గరికి వస్తాను. మేము చదివిన హైస్కూల్లో సైన్సు బీరువా ఉండేది. అద్దాల్లోంచి లాడం ఆకారపు అయస్కాంతం, దిక్సూచి కనబడేవి. తాళం చెవి ఏ సారు దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఆ సారు బదిలీ అయ్యాడనేవాళ్లు. ఐదేళ్లు ఆ అయస్కాంతాన్ని అద్దంలోంచే చూశాను. అయస్కాంతత్వం పాఠం మాత్రం గడగడా అప్పజెప్పేవాణ్ని. చేత్తో మొదటిసారి అయస్కాంతాన్ని పట్టుకున్నది డిప్లొమాలో. తాళాలగుత్తి కథకూ, వీడియో చూసి ఉత్తుత్తిగా తలూపిన కథకూ మూలం ఆ బీరువాలోనే ఉందని నా అనుమానం.

పోయిన దసరా సెలవుల్లో వైండింగ్ షాపు మిత్రుడూ నేనూ మన హాస్టల్ వరండాలో ఒక పని చేశాం. కాలిపోయిన మోటార్లోంచి తీసిన రాగి తీగను టార్చిలైటు బ్యాటరీ మీద 40 చుట్లు చుట్టి, చుట్టను దారంతో వేలాడదీశాం. పాడైన స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని కింద పెట్టాం. తీగ రెండు కొసల్ని బ్యాటరీకి ముట్టించాం. కదల్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వారు. మావాడు "అయ్యో, ఎనామిల్ గీకలేదు" అని బ్లేడుతో కొసలు గీకి మళ్లీ ముట్టించాడు. చుట్ట చటుక్కున తిరిగింది. బ్యాటరీ తిరగేస్తే ఎదురు దిక్కుకు తిరిగింది. ఇంతే, గుండెలో గొట్టం కొస చేసేదీ ఇదే అని చెప్పాను. అప్పటిదాకా వెనక నిలబడ్డ ఒక పిల్లవాడు ముందుకొచ్చి, "మరి కరెంటు ఇస్తుంటే మీ చెవి తప్పు వింటది కదన్నా, ఎంత తప్పు వింటదో ముందే లెక్క కట్టుకుంటే?" అని అడిగాడు. హార్మోనియం కథ అప్పుడే చెప్పి ఉన్నాను. వాడడిగింది సరైన ప్రశ్న. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో కూర్చున్నవాళ్లు తలలు పట్టుకునే ప్రశ్న. నేను వాడికి పూర్తి జవాబివ్వలేకపోయాను.

అందుకని నా మాట ఇది. కమానుకు పోగైన డబ్బులో పదో వంతు తీసి ఒక బీరువా కొందాం. అయస్కాంతాలు, దిక్సూచులు, తీగ, బ్యాటరీలు, ఒక మల్టీమీటరు, బల్బులు, కటకాలు. కమాను వచ్చే ఏడాది కట్టుకుందాం, పేరు ఎక్కడికీ పోదు. మంచినీళ్ల ఫిల్టరు పాడైందని వార్డెన్ సార్ అన్నారు. నిజమే, ఫిల్టరా బీరువానా అంటే మన జిల్లాలో నేను ముందు ఫిల్టరుకే చెయ్యెత్తుతాను. కానీ అక్కడ పోటీ ఫిల్టరుతో లేదు, సిమెంటుతో ఉంది.

రాగి తీగ షాపులో మిగిలినంతా ఇస్తానని మావాడు ఒప్పుకున్నాడు. మీ ఇళ్లలో పాడైన స్పీకర్లుంటే పాత సామాన్లవాడికి వేయకండి, వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకురండి. నేను నెలకో ఆదివారం వస్తాను. ఒక్కటే షరతు. బీరువా తాళం చెవి ఆఫీసు గదిలో మేకుకు తగిలించొద్దు, పదో తరగతి పిల్లల చేతికే ఇవ్వాలి. పోగొడతారంటారా, పోగొట్టనివ్వండి. ఇంకోటి చేయిద్దాం.